నిలబెట్టే పని

ఫాల్గుణం వెళ్ళి చైత్రం వచ్చే రోజుల్లో గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల ఏ వీధికి వెళ్ళినా ఏదో ఒక ఇంటి ముందు నిచ్చెన వేసి ఉంటుంది. ఉగాది లోపు గోడలకు సున్నమో రంగో పడాలి. వానలు దిగకముందే శ్లాబు పగుళ్ళు పూడాలి. మేడ మీద ఖాళీ పెయింటు డబ్బాల్లో ఆనప గింజ, బెండ గింజ పెట్టాలి. ఒంటిపూట బడులు మొదలై పిల్లలు మధ్యాహ్నానికే ఇల్లు చేరతారు కాబట్టి ఈ పనులన్నీ వాళ్ళను కాళ్ళకూ చేతులకూ అడ్డం పెట్టుకునే జరగాలి. తడి గోడ మీద చిన్న అరచేతులు అచ్చు పడతాయి. మొలకెత్తిందో లేదోనని నిన్న పెట్టిన గింజను ఇవాళే తవ్వి చూస్తారు. ఏటేటా తిరిగొచ్చే ఈ హడావుడికి మనవాళ్ళు పెట్టిన పేరు సంసారం. ఆ పేరులోనే ఒక తీర్పు ఉంది. సంసారమంటే తిరుగుతూనే ఉండేది, ఈదవలసిన సాగరం, ఎప్పటికైనా దాటి పోవలసినది. వెలిసిపోతుందని తెలిసీ రంగు వెయ్యడం, సాయంత్రానికి ఇగిరిపోతుందని తెలిసీ మొక్కకు నీళ్ళు పొయ్యడం, మళ్ళీ కారుతుందని తెలిసీ పిల్లవాడి ముక్కు తుడవడం – ఇవన్నీ మనిషిని పరమార్థానికి దూరం చేసేవేనా? లేక పరమార్థమంటూ ఒకటుంటే అది దొరికే చోటు ఇక్కడేనా? ఇక్కడేనని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి ఆధారం మన గుళ్ళలోనూ గ్రంథాలలోనూ ఉంది, విశాఖ గాలిలో కూడా ఉంది.

గాలితోనే మొదలుపెట్టాలి. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా దిగి కడ్డీని చేరుతుంది. సిమెంటులోని క్షారం వల్ల కడ్డీకి ఏర్పడిన పలుచని రక్షణ పొరను అది తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు మించి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు చాలక శ్లాబు లోపలి నుంచే పగిలి పెచ్చులూడుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడవలసిన సంగతి ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం చేసే పనల్లా ముడి ఖనిజంలో ఇనుమును పట్టుకుని ఉన్న ప్రాణవాయువును కోక్ సాయంతో విడదీయడం. అదే ఊళ్ళో వీచే గాలి ఆ ప్రాణవాయువును తెచ్చి మళ్ళీ ఇనుముకు అంటగడుతుంది. మనిషి రాతి నుంచి తీసినదాన్ని ప్రకృతి రాయిగానే తీసుకుపోతుంది. 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారంలోని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే కొలుములు కూడా దీనికి అతీతం కావు. లోపలి ఇటుకల పూత అరిగాక వాటిని ఆపి, చల్లార్చి, కొత్త ఇటుకలు పేర్చవలసిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయిన మర్నాడు ఈ నగరంలో చెట్టంటూ నిలబడి ఉండటమే వింతైంది. ఆకులు రాలి బోసిపోయిన కొండలను చూసిన జనం ఆ తర్వాత కొనిపెట్టినవి చిన్న మొక్కలే. అనిత్యత గురించి ఎవరో వచ్చి బోధించవలసిన అవసరం ఈ ఊరికి లేదు. తెలియవలసింది దాని తర్వాతి మాట: అన్నీ పోయేవే అయినప్పుడు ఏది చెయ్యదగిన పని?

ఆటోనగర్ షెడ్లలో రోజూ జరిగేది చూస్తే ఈ ప్రశ్నకు ఒక దారి కనిపిస్తుంది. పాతికేళ్ళు తిరిగిన లారీ ఒకటి షెడ్డుకు వస్తుంది. దాని ఇంజిన్ మార్చారు, తొట్టి కొత్తగా కట్టారు, కమ్మలు మార్చారు, క్యాబిన్ రేకు కోసి అతికించి రంగు వేశారు, టైర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా యజమానికి అది అదే బండి. కాగితాల్లో ఛాసిస్ నంబరు ఉందిగా అంటే, ఛాసిస్ అరిగినచోట వెల్డింగ్ పడి ఉంటుంది. మిలింద పన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు మిలిందుడనే గ్రీకు రాజును అడిగింది ఇదే. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా? ఏ ఒక్కటీ కాదని రాజు ఒప్పుకోవలసి వచ్చింది. నాగసేనుడు దాని నుంచి ఆత్మ అనే స్థిరవస్తువు లేదని తేల్చాడు. ఆ తీర్పును వేదాంతులు ఒప్పుకోరు, ఆ తగువు తీర్చడం నా ఉద్దేశం కాదు. కానీ ఆయన చూపించినదాంట్లో ఒకటి మాత్రం కాదనలేం. బండిని అదే బండిగా ఉంచుతున్నది దానిలోని ఏ ముక్కా కాదు, ముక్క తర్వాత ముక్కను సమయానికి మారుస్తూ వచ్చిన చేతులు. ఇల్లు కూడా అంతే. ఇల్లంటే గోడల మొత్తమైతే, పదిహేనేళ్ళలో సగం గోడకు కొత్త ప్లాస్టరింగ్ పడిన ఇల్లు సగం వేరే ఇల్లై ఉండాలి. అలా ఎవరికీ అనిపించదు. ఉనికి అనేది ఒకసారి ఇచ్చి వదిలేసేది అయితే మరమ్మతు చిల్లర పనే. ఉనికి క్షణక్షణమూ ఇస్తూ ఉండవలసినదైతే, మరమ్మతు సృష్టికి ఏమాత్రమూ తీసిపోదు.

మన త్రిమూర్తి భావన ఈ మాట ఎప్పుడో చెప్పింది, మనమే పట్టించుకోలేదు. సృష్టి, స్థితి, లయ అంటూ మూడింటినీ సమానంగా లెక్కపెట్టి, నడిమిదాన్ని నిలబెట్టేవాడికి విష్ణువని పేరు పెట్టింది. ధర్మం అనే మాట పుట్టిందే ధరించడం, పట్టి ఉంచడం అనే ధాతువు నుంచి. ఇది భావంగానే ఉండిపోలేదు, గుళ్ళలో చేతి పనిగా నడుస్తోంది. తిరుమలలో ఉగాదికి ముందు వచ్చే మంగళవారం కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. మూలవిరాట్టుకు వస్త్రం కప్పి, గర్భాలయం గోడలూ పైకప్పూ కడిగి, నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, కిచిలిగడ్డ, కర్పూరం వంటివి కలిపిన పరిమళాన్ని పూస్తారు. ఏడాదిలో నాలుగుసార్లు జరిగే ఈ శుద్ధికి ఆ పేరెందుకు వచ్చిందో గమనించాలి. స్నానం దేవుడికి కాదు, కట్టడానికి. ఆ కట్టడాన్నే ఆళ్వారుగా, భక్తుడిగా భావించారు. సంప్రదాయం గోడను అంతగా గౌరవించింది! విగ్రహాన్ని పీఠానికి పట్టి ఉంచే అష్టబంధనం కూడా శాశ్వతం కాదు. ఎనిమిది ద్రవ్యాల ఆ లేపనాన్ని పన్నెండేళ్ళకోసారి మార్చాలి. 2018 ఆగస్టులో తిరుమలలో జరిగింది అదే. ఆటోనగర్‌కు దగ్గరలోనే ఉన్న సింహాచలం సంగతి ఇంకా గొప్పది. అక్షయ తృతీయనాడు వరాహ నరసింహస్వామి మీది చందనం తీసి నిజరూపం చూపిస్తారు. జనం మండుటెండలో గంటలకొద్దీ నిలబడి చూసేది ఆ దర్శనాన్నే, పత్రికల్లో వచ్చేదీ ఆ వార్తలే. కానీ ఆ రాత్రే మూడు మణుగుల చందనం మళ్ళీ పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి మణుగుల చొప్పున పూసి ముగిస్తారు. ఆ గంధమంతా సాన మీద చేత్తో అరగదీసిందే. పూసింది తీయడం, తీసింది పూయడం – ఫలితం లెక్కన చూస్తే ఏమీ మిగలని పని. ఆ పనే అక్కడ ఆరాధన.

ఏమీ మిగలకపోవడం దగ్గరే నా వాదన అంతా ఉంది. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు తనకు పొందవలసినదేమీ లేకపోయినా కర్మ చేస్తూనే ఉన్నానని, తాను మానేస్తే లోకాలు చెడిపోతాయని అంటాడు. లోకాన్ని నిలబెట్టడమనే అర్థంలో లోకసంగ్రహం అన్న మాట అక్కడిదే. ఫలాపేక్ష లేకుండా పని చెయ్యమన్న మాటను మనం తరచుగా పెద్ద పనులకు, యుద్ధాలకు, ఉద్యమాలకు అన్వయిస్తాం. కానీ పెద్ద పనిలో ఫలాపేక్ష వదలడం దాదాపు అసాధ్యం. కట్టినవాడి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. పెచ్చులూడిన శ్లాబుకు తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, సిమెంటు పట్టించినవాడికి ఏ ఫలకమూ ఉండదు. పని బాగా చేస్తే చేసినట్టే కనిపించదు. ఆంధ్రదేశపు ఆలయ శాసనాల్లో అఖండ దీపానికి ఆవులనో గొర్రెలనో ఇచ్చిన దాతల పేర్లు ఎన్నో ఉన్నాయి. రోజూ సాయంత్రం ప్రమిదలో నెయ్యి పోసిన మనిషి పేరు వాటిలో సాధారణంగా కనిపించదు. దీపం వెలిగింది మాత్రం ఆ చేతుల వల్లే. ఫలం మీద ఆశ పెట్టుకోవడానికి వీలే లేని పనిలో మనసు పెట్టగలిగితే, అదే నిష్కామకర్మకు అభ్యాసం. దసరాకు స్పానర్లకూ లేత్ మిషన్లకూ పసుపు కుంకుమలు పెట్టి పూజించే ఆటోనగర్ మేస్త్రీలకు ఈ మాట కొత్త కాదు.

దీనికి మొదటి ఆక్షేపణ చాలా పాతది, బరువైనది. కర్మ వల్ల మోక్షం రాదు, తిరగడమే బంధం, అందులో పవిత్రత వెతకడం ఖైదీ తన సంకెళ్ళకు పూలు చుట్టడం లాంటిదని శంకరాద్వైతం అనవచ్చు. కర్మ చిత్తశుద్ధిని ఇస్తుందని ఆ మతమే ఒప్పుకుంటుందని గుర్తు చెయ్యడం నా తొలి జవాబు. రెండో జవాబు భీమిలి దారిలో కొండల మీద ఉంది. తొట్లకొండ, బావికొండ మీద నివసించిన బౌద్ధ భిక్షువులు ఇల్లు వదిలి వచ్చినవాళ్ళే. అయినా ఆ కొండలకు ఈనాటికీ మిగిలిన పేర్లు వాళ్ళు రాతిలో తొలిచిన నీటి తొట్లవి, బావులవి. వానాకాలమంతా ఒకచోట కట్టుబడి ఉండక తప్పలేదు, ఉన్నచోట కప్పు కారకుండా చూసుకోక తప్పలేదు. వినయ నియమాల్లో కట్టడాల పని, మరమ్మతులు చూసే భిక్షువుకు నవకమ్మికుడని ప్రత్యేకమైన పేరే ఉంది. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి శాసనం అటువంటి నవకమ్మిక థేరులను పేర్లతో సహా స్మరిస్తుంది. ఇల్లు వదిలినవాడు కూడా మరమ్మతును వదలలేకపోయాడు. కాబట్టి తిరుగుడు అనేది గృహస్థుడి తప్పు వల్ల వచ్చింది కాదు, దేహమూ కప్పూ ఉన్న ప్రతి జీవితానికీ ఉన్నదే.

ఇంతకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసే ఆక్షేపణ మరొకటి. ఇంటి పనికి దైవత్వం అంటగట్టడమంటే ఆడవాళ్ళను ఆ పనికే కట్టేసే పాత ఎత్తుగడ కదా? అవును, ఆ ఎత్తుగడ ఉంది. మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడనే తాపసికి ధర్మం తెలిపిన గృహిణి కథను శతాబ్దాలుగా పాతివ్రత్య పాఠంగానే చెప్పుకున్నాం. ఆ కథలో గుమ్మం దగ్గర ఎదురుచూడవలసి వచ్చింది మగవాడు, నేర్చుకోవలసి వచ్చిందీ అతడే. ఆమె పంపితే మిథిలలో మాంసం కొట్టు నడిపే ధర్మవ్యాధుడి దగ్గరకు వెళ్ళి, ముసలి తల్లిదండ్రులకు అతడు చేసే సేవను చూసి తెలుసుకోవలసి వచ్చింది. మనుస్మృతిలో తిరస్కరించవలసినవి చాలానే ఉన్నాయి. అయినా అది చెప్పిన పంచసూనల మాట ఇక్కడ పనికొస్తుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అనే ఐదు చోట్లా తెలియకుండానే ప్రాణులు చస్తాయి, ఆ దోషానికి గృహస్థుడు రోజూ ఐదు యజ్ఞాలు చెయ్యాలి అంటుంది. ఆ ఐదు పనిముట్లూ పట్టింది ఆడవాళ్ళు. రుణం రాసింది మాత్రం మగవాడి పేరన. పని పవిత్రమైతే దాన్ని మోయడం ఇంటిల్లిపాదికీ విధి. పవిత్రమని పొగిడి, చీపురు మాత్రం ముట్టనివాడి పొగడ్తకు విలువ లేదు. ఈ పంచసూనల మాటలో ఇంకో మెలకువ కూడా ఉంది. చెదలకు మందు కొట్టేటప్పుడు, బెండ మొక్క మీద పేనుబంక నలిపేటప్పుడు, నిలబెట్టడం కూడా హింస లేకుండా సాగదని అది గుర్తు చేస్తుంది. పక్కన నిలబడి చూస్తున్న ఐదేళ్ళ పిల్ల ఎందుకు చంపుతున్నావని అడిగితే, దానికి తేలికైన జవాబు ఎవరి దగ్గరా లేదు. లేదని ఒప్పుకోవడమే ఆ పిల్లకు ఇవ్వదగిన మర్యాద.

అద్దె ఇంటి సంగతేమిటని మూడోవాళ్ళు అడుగుతారు. ఆటోనగర్‌లో పనిచేసేవాళ్ళలో అద్దెకుండేవాళ్ళు చాలామంది. ఓనరు బాగుచెయ్యని గోడకు కిరాయిదారు ఎందుకు సున్నం వెయ్యాలి? వెయ్యాలని నేను అనను. దీపానికి నెయ్యి పోసే చెయ్యి ఉండాలంటే ఆవులను ఇచ్చిన దాత ఉండాలని శాసనాలు తెలుపుతూనే ఉన్నాయి. భద్రత లేనివాళ్ళకు నిలబెట్టడాన్ని ఆదర్శంగా బోధించడం అన్యాయం. అయినా ఆ ఇళ్ళ మెట్ల మీద డబ్బాల్లో బచ్చలి తీగ, గోంగూర మొక్క కనిపిస్తాయి. ఇల్లు మారితే వాటిని ఆటోలో పెట్టుకుని వెళ్ళవచ్చు.

పిల్లల విషయంలో నా వాదన కొంచెం మారాలి. గోడను ఉన్నట్టుగా ఉంచడం మరమ్మతు. పిల్లవాణ్ణి ఉన్నట్టుగా ఉంచాలనుకోవడం దౌర్జన్యం. గింజను తవ్వి చూసిన పిల్లవాడు చేసిన తప్పే పెద్దవాళ్ళు వాడి విషయంలో చేస్తారు. మార్చి పరీక్షల వేళ రోజూ తవ్వి, వేరు దిగిందా అని చూస్తారు. ఈ తేడాను సంప్రదాయం ఎక్కడైనా గుర్తించిందా అని వెతికితే నాకు ఒక మాట దొరికింది. గర్భాలయంలో మరమ్మతు జరిగే రోజుల్లో మూలమూర్తి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, పక్కన తాత్కాలికంగా కట్టిన చిన్న గుడిలో ఉంచుతారు. దాని పేరు బాలాలయం. పెద్ద గుడి సిద్ధమయ్యేదాకా నిత్యపూజలన్నీ ఆ చిన్న చోటే జరుగుతాయి, ఒక్క పూటా ఆగవు. మరమ్మతు గోడకే, ప్రాణమున్నదానికి సేవే. చైత్రంలో ముందు గది శ్లాబు పని పెట్టుకున్న ఇళ్ళలోనూ అంతే. సామానంతా వంటగదిలోకి చేరుతుంది. బియ్యం డబ్బా మీద పుస్తకం పెట్టుకుని పెద్దవాడు ఎక్కాలు చదువుతాడు. గుమ్మం దగ్గర సిమెంటు ధూళి పడకుండా తడిగుడ్డ కడతారు. దాని పక్కన చిన్నది తన పెయింటు డబ్బాలో, చెయ్యి పెట్టకుండా, ఆనప మొలకకు నీళ్ళు పోస్తుంటుంది.