నిదానం

తెలుగు వాడుకలో నిదానమంటే తొందరపడకపోవడం. ఆయుర్వేద గ్రంథాల సంస్కృతంలో అదే మాటకు రోగకారణమనీ, ఆ కారణాన్ని నిర్ణయించడమనీ అర్థాలు. ఈ అర్థాలు ఒకదానితో ఒకటి తలపడే చోటు పెద్దలకు అంటువల్ల వచ్చే అతిసారం, అంటే సూక్ష్మజీవులు పేగుల్లో చేరడం వల్ల రోజుకు మూడు సార్లో అంతకు మించో అయ్యే నీళ్ల విరేచనాలు. కారణం తేలేదాకా వైద్యుడు ఆగితే రోగి ప్రాణం మీదికి రావచ్చు. తేలకముందే చికిత్స మొదలుపెడితే అది తెలిసి చేసిన పని అవుతుందా, చీకట్లో విసిరిన రాయి అవుతుందా అన్న ప్రశ్న వైద్యానికి ఎంత చెందుతుందో తత్త్వశాస్త్రానికీ అంత చెందుతుంది.

కార్యాన్ని చూసి కారణాన్ని గ్రహించడాన్ని న్యాయదర్శనం శేషవదనుమానమంటుంది. నిండుగా పారే ఏటిని చూసి ఎగువన వాన కురిసిందని తెలుసుకోవడం న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో దానికి ఉదాహరణ. ఎక్కడో అడ్డుకట్ట పడినా ఏరు నిండుతుంది కదా అన్న ఆక్షేపణను న్యాయసూత్రాలే లేవనెత్తాయి. వాన వరదకు వేగమూ, నురుగూ, కొట్టుకొచ్చే ఆకులూ కట్టెలూ ఉంటాయి గనుక, నిండుదనాన్ని మాత్రమే కాక ఈ విశేషాలన్నీ చూసినవాడు పొరబడడని దానికి సమాధానం. అతిసారంలోనూ నీళ్ల విరేచనమన్న ఒక్క కార్యానికి నోరోవైరస్, సాల్మొనెల్లా, షిగెల్లా, కలరా క్రిమి, జియార్డియా వంటి అనేక కారణాలున్నాయి. బియ్యం కడిగిన నీళ్లలా ధారగా పోతే కలరాను, జ్వరంతో పాటు రక్తం, జిగట పడితే పేగు గోడను గాయపరిచే షిగెల్లా వంటివాటిని వైద్యుడు శంకిస్తాడు. అయినా ఈ గుర్తులు ఒక్కోసారి మోసగిస్తాయి. షిగెల్లా వల్ల వచ్చే రక్త విరేచనాలకు యాంటీబయాటిక్ మేలు చేస్తే, షిగా విషాన్ని తయారుచేసే ఈ.కోలై వల్ల వచ్చే రక్త విరేచనాల్లో అదే మందు, ఎర్ర రక్తకణాలు చితికి మూత్రపిండాలు దెబ్బతినే ముప్పును పెంచవచ్చు. ఇక్కడ కారణం తెలియకపోవడం నిజంగా ప్రమాదమే.

అయితే, బౌద్ధ గ్రంథమైన మజ్ఝిమ నికాయంలో మాలుంక్యపుత్తుడనే భిక్షువుకు బుద్ధుడు చెప్పిన దృష్టాంతంలో, విషబాణం తగిలినవాడు దాన్ని వేసినవాడి కులమూ పేరూ తెలిసేదాకా పీకనివ్వనంటే తెలుసుకోకుండానే చనిపోతాడు. దీన్ని ప్రశ్నలన్నిటినీ నిరాకరించిన మాటగా చదవడం పొరపాటు. బాణం ఎంత లోతున దిగిందన్న ప్రశ్నను ఏ వైద్యుడూ వదులుకోడు. నోరు ఎండడం, మూత్రం తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం అతిసారంలో ఆ లోతును చెప్పే గుర్తులు. వాటికి క్రిమి పేరుతో పని లేదు.

దీనికి కలరా చరిత్రే సాక్ష్యం. రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో క్రిమిని గుర్తించిన తరువాత కూడా దశాబ్దాల పాటు రోగులు పెద్ద సంఖ్యలో చనిపోతూనే ఉన్నారు. ఆ క్రిమి విడిచే విషం పేగుల్లోకి నీటిని రప్పిస్తుందని శంభునాథ్ డే 1959లో అదే నగరంలో నిరూపించాడు. గ్లూకోజ్ తోడైతే పేగు ఉప్పునూ, దాని వెంట నీటినీ పీల్చుకుంటుందనీ, కలరాలో కూడా ఆ శక్తి చెడదనీ ఆ తరువాతి పరిశోధనల్లో తేలింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్ పట్టణం బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, వైద్యుడు దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. కారణానికీ ఫలానికీ నడుమ జరిగే క్రియను నైయాయికులు వ్యాపారమంటారు. క్రిమి కారణం, మరణం ఫలం అనుకుంటే, ఉప్పూ నీరూ పోవడం ఆ వ్యాపారం. బన్‌గావ్‌లో ఆపింది దాన్నే గనుక ఆ చికిత్సను గుడ్డి ప్రయత్నం అనడం అన్యాయం. అది కారణజ్ఞానం కన్నా ఒక మెట్టు దగ్గరగా రోగిని చేరిన జ్ఞానం.

ఓఆర్‌ఎస్ (ఇలా ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీరు) నోటితో పట్టించి, రోగి సొమ్మసిల్లినా వాంతులతో నిలవకపోయినా నరం ద్వారా సెలైన్ ఎక్కించి ఈ వ్యాపారాన్ని అడ్డుకుంటే, చాలా అతిసారాలు యాంటీబయాటిక్ లేకుండానే కొద్ది రోజుల్లో తగ్గుతాయి. నిదానానికి తెలుగు అర్థం ఇక్కడ అక్కరకు వస్తుంది. రక్తం పడినా, తీవ్ర జ్వరమున్నా, వారం దాటినా, రోగనిరోధక శక్తి తగ్గినవారికి వచ్చినా, అంతకు ముందు వాడిన యాంటీబయాటిక్ వెంట మొదలైనా మాత్రం మల పరీక్ష చేయించవలసిందే.

తెలంగాణలో కలరాను గత్తర అనేవారు. 1813లో జంటనగరాల్లో గత్తర చెలరేగినప్పుడు, దూరాన ఉజ్జయినిలో సైనిక కొలువులో ఉన్న సురిటి అప్పయ్య తన ఊరివాళ్లు బతకాలని మహంకాళికి మొక్కుకున్నాడని సికింద్రాబాద్ మహంకాళి ఆలయ సంప్రదాయం చెబుతుంది. ఆ మొక్కు అతను తన కోసం మొక్కుకున్నది కాదు. మల పరీక్ష కూడా రోగి ఒక్కడి కోసమే కాదు. అందులో కల్చర్, అంటే నమూనాలోని క్రిమిని పెంచి గుర్తించే పద్ధతి, పూర్తి కావడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ఆ లోపు రోగి కోలుకుని ఇంటికి వెళ్లిపోయినా, ఆ నివేదికలోని క్రిమి పేరు అతను నీళ్లు తాగిన ట్యాంకునుంచే ఇంకా తాగుతున్న వీధివాళ్లందరికీ చెందుతుంది.