ఆడని యాటకు వెల

ఆటవస్తువుల ధరలు పెరిగినవనుటలో ధర్మవిచారమునకు చోటెక్కడనని కొందరు చదువరులు మమ్మడుగవచ్చును. బియ్యపు ధర పెరిగిన పేదవాని కడుపు కాలును. మందుల ధర పెరిగిన రోగి ప్రాణము మీదికి వచ్చును. నలువది యేండ్లనాటి వీడియో ఆటల ధర పెరిగిన నెవరికేమి నష్టమని వారి యభిప్రాయము. ప్రశ్న న్యాయమైనదే. కాని మనుష్యుడు తన యవసరమునకుగాక తన ప్రీతికొరకు కొను వస్తువులయందే అతని మనస్సు స్పష్టముగా కానవచ్చును. ఆకలి యందరిని ఒక్క త్రోవనే నడిపించును. ప్రీతి యెవరి త్రోవను వారిని నడిపించును. కావున నీ చిన్న విషయమును పురస్కరించుకొని, ఒక వస్తువును ప్రేమించుటకును దానిని దాచుకొనుటకును గల భేదమేమి యని విచారింప దలచితిమి.

విషయమెరుగని వారికొరకు ముందు కొన్ని సంగతులు చెప్పవలసియున్నది. జపాను దేశమున క్యోటో నగరమునందు 1889లో పూలబొమ్మల చీట్లపేకలు తయారుచేయుటకై స్థాపింపబడిన నింటెండో సంస్థ, 1983లో ఫామికామ్ అను ఆటయంత్రమును విడుదల చేసినది. అదియే రూపమును పేరును మార్చుకొని 1985లో అమెరికాలో ప్రవేశించినది. యంత్రమును టెలివిజనుకు తగిలించి, కార్ట్రిడ్జి యనబడు ప్లాస్టిక్ డబ్బాను దానియందు చొప్పించినచో ఆట తెరపై ప్రత్యక్షమగును. మన దేశమున అసలు యంత్రములకంటె వాని నకళ్లే హెచ్చుగా వ్యాపించినవి. 1990 తరువాతి దశాబ్దమున మన తెలుగు పట్టణములయందును పిల్లలు గంటకింతయని చెల్లించి దుకాణములలో నాడిన మేరియో ఆట యీ యంత్రముకొరకు పుట్టినదే. కార్ట్రిడ్జిని వారు క్యాసెట్టు అనుచుండిరి. నాటి బాలురు ఏ దేశమువారైనను నేడు సంపాదనపరులైన గృహస్థులు. వారి బాల్యస్మృతియే యీ పాతయాటల వ్యాపారమునకు మూలధనము.

ఇక ధరలను చూడుడు. 'సూపర్ మేరియో బ్రదర్స్' అను 1985 నాటి యాట ప్రతి యొకటి 2019 ఫిబ్రవరిలో 1,00,150 డాలర్లకు అమ్ముడుపోయినది. 2020 జులై నాటి వేలమున మరియొక ప్రతి 1,14,000 డాలర్లు పలికినది. 2021 ఏప్రిలులో వేరొక ప్రతి 6,60,000 డాలర్లకు పోయినది. ఆ జులైలోనే 'లెజెండ్ ఆఫ్ జెల్డా' 8,70,000 డాలర్లును, పిదప రెండు దినములకే 1996 నాటి 'సూపర్ మేరియో 64' 15,60,000 డాలర్లును పలికినవి. ఆగస్టులో మరల సూపర్ మేరియో బ్రదర్స్ ప్రతి యొకటి 20 లక్షల డాలర్లకు చేతులు మారినది.

ఈ యంకెలను చదివి, ఆ యాటలు లోకమున దొరకని యపురూప వస్తువులు కాబోలునని తలచువారు పొరబడుదురు. సూపర్ మేరియో బ్రదర్స్ 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన యాట. సూపర్ మేరియో 64 కూడ కోటికి మించి చెల్లినది. అపురూపమైనది ఆట కాదు. ఎవరును విప్పని పెట్టె. పైనజెప్పిన ప్రతులన్నియు అంగడినుండి వచ్చినవి వచ్చినట్లే మూతపడియున్నవి. అట్టి పెట్టెలను పరీక్షించి, 10 వరకుగల కొలమానమున మార్కులువేసి, గాజువంటి గట్టి ప్లాస్టిక్ పేటికలలో బంధించియిచ్చు సంస్థలు వెలసినవి. అట్ట మూల నలిగిన మార్కు తగ్గును. పై పొర చినిగిన మరింత తగ్గును. ఆట బాగున్నదా లేదా యను ప్రశ్న ఆ కొలమానమున లేనేలేదు. అనగా, ఏ బాలుని చేతికిని చిక్కకుండుటయే ఆ వస్తువునకు పరమయోగ్యత యైనది. వీణను వాయింపకుండుటవలన వీణకు గొప్పతనము వచ్చునని చెప్పినచో మన సంగీతజ్ఞులు నవ్వుదురు గదా!

ఇది కోటీశ్వరుల వినోదము, మనకేమి యని తోసివేయుటకును వీలులేదు. పైయంతస్తున మంట లేచినప్పుడు క్రింది యంతస్తునకును వేడి తగులును. 2020లో మహమ్మారి వలన జనులు ఇండ్లకే పరిమితులై యుండి, తమ బాల్యమును వెదకికొనుచు పాతయాటలను కొనసాగిరి. ముద్రవిప్పని పెట్టెలే కాక, నలిగి మాసి మూలబడిన సామాన్యపు కార్ట్రిడ్జిల ధరలును పెరిగినవి. 1995లో అమెరికాలో విడుదలైన 'ఎర్త్‌బౌండ్' అను ఆట ఆ కాలమున సరిగా చెల్లలేదు. నేడు పెట్టెయు పుస్తకమును లేని వట్టి కార్ట్రిడ్జికే వందల డాలర్లు చెల్లింపవలసియున్నది. ఒక్క యాటను ఆడి చూడవలెనను విద్యార్థికి ఇది సామాన్యమైన మొత్తము కాదు. 2021 నాటి పెద్ద వేలముల వేడి తరువాత చాలవరకు చల్లారినది. ధరలను కృత్రిమముగ పెంచిరను ఆరోపణతో 2022లో కాలిఫోర్నియాలో వ్యాజ్యము కూడ దాఖలైనది. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. కాని పిల్లల చదువునకై దాచిన సొమ్మును ఇట్టి పెట్టెలలో పెట్టదలచు గృహస్థులు ఆ సంవత్సరముల చరిత్రను తప్పక తెలిసికొనవలెను.

ఇంతవరకు చదివినవారు మేము సంగ్రాహకులను దూషింప బోవుచున్నామని తలపవచ్చును. కాదు. వారి పక్షమున చెప్పవలసిన మాట యొకటి గలదు, అది బలమైనది. అటారీ యను అమెరికా సంస్థ 1982 సంవత్సరాంతమున 'ఇ.టి.' అను ఆటను విడుదల చేసినది. క్రిస్మసు పండుగనాటికి అందింపవలెనను తొందరలో హోవర్డ్ స్కాట్ వార్షా అను ఒక్క నిర్మాత దానిని సుమారు అయిదు వారములలో ముగింపవలసి వచ్చినది. అది లక్షలకొలది మిగిలిపోయినది. మరుసటి సంవత్సరము అమెరికాలో ఆటల వ్యాపారమే కుప్పకూలెను. 1983 సెప్టెంబరులో ఆ సంస్థ తన చెల్లని సరకును లారీలకెత్తించి, న్యూమెక్సికోలోని అలమోగోర్డో పట్టణపు చెత్తగుంటలో పూడ్పించి, పైన కాంక్రీటు పోయించినది. 2014 ఏప్రిలులో ఆ గుంటను త్రవ్వగా 1,300 వరకు కార్ట్రిడ్జిలు వెలికివచ్చినవి. వానిలో పెక్కింటిని ఆ పట్టణమువారు వేలము వేయగా లక్ష డాలర్లకు మించి వచ్చినది. ఒకటి వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరినది.

ఆ డబ్బాలోని యాటయందు ముప్పది యేండ్లలో నొక్క యక్షరమైన మారలేదు. నాడు చెత్త, నేడు చరిత్ర. మారినది మన చూపే. తయారుచేసినవాడే తన వస్తువునకు ఉత్తమ సంరక్షకుడని మనము నమ్ముదుము. ఆ నమ్మకము సత్యము కాదని అలమోగోర్డో చెప్పుచున్నది. అంగళ్లు పారవేసిన దినములలో, పాతసామాను సంతలలో తిరిగి, ఇండ్ల అటకలపై వెదకి, పదిమంది నవ్వుచుండగా ఆ డబ్బాలను తుడిచి భద్రపరచినవారు సంగ్రాహకులే. వారే లేనిచో నేడు మనము చర్చించుటకు వస్తువే యుండెడిది కాదు. వారికి లోకము ఋణపడియున్నది.

అయినను భద్రపరచుట వేరు, బంధించుట వేరు. జెల్డా ఆటనే చూడుడు. ఆటగాడు ఎంతవరకు వచ్చెనో జ్ఞాపకముంచుకొనుటకై దాని కార్ట్రిడ్జిలో చిన్న బ్యాటరీ యొకటి యమర్పబడియున్నది. బ్యాటరీ యేనాటికైన నశించుట తప్పదు. సామాన్యుడు డబ్బా విప్పించి క్రొత్తది వేయించుకొనును. 8,70,000 డాలర్లిచ్చి కొన్నవాడు మాత్రము ఆ పని చేయలేడు. విప్పినచో ధర పోవును. తన ధనమును కాపాడుకొనుటకై తన యాటలోని యొక భాగము చచ్చుచుండగా చూచుచు నూరకుండవలెను. లోపలిదానిని పాడుకానిచ్చి పైకప్పును పూజించుట మన సంఘమునకు క్రొత్త కాదు. ఆచారముల విషయమున ఏ దోషమును మన సంస్కర్తలు ఖండించిరో, ఆ దోషమే యిచ్చట వస్తువుల విషయమున కానవచ్చుచున్నది.

మరి ప్రధానమైన తప్పు ఎవరిది? వేలమున పాడినవానిదా? మా యభిప్రాయమున కాదు. 2023 జులైలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అను సంస్థ యొక పరిశోధనను ప్రకటించినది. 2010కి పూర్వము అమెరికాలో విడుదలైన ప్రాచీనపు టాటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకుటలేదని అందు తేలినది. అనగా వానిని ఆడగోరువాడు పాత కార్ట్రిడ్జిని, అది పనిచేయు యంత్రమును, కొన్నింటికి పాతకాలపు బరువైన గాజుతెర టెలివిజనును కూడ వెదకి కొనవలెను. తుపాకి గురిపెట్టి యాడు నాటి బాతులవేట నేటి పలుచని తెరలపై నడువదు. దొరకు ద్వారము లొక్కటొక్కటిగ మూతపడుచున్నవి. 2023 మార్చి 27న నింటెండో సంస్థయే తన వీ-యూ, త్రీ-డి-ఎస్ యంత్రములకు సంబంధించిన అంతర్జాల విక్రయశాలలను మూసివేసినది. గ్రంథాలయములు అంగడిలో దొరకని యాటలను దూరముననున్న పరిశోధకులకు చూపుటకైన అనుమతింపుడని కోరగా, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైటు కార్యాలయము నిరాకరించినది.

మన పూర్వుల తాళపత్రగ్రంథములతో దీనిని పోల్చి చూడుడు. ఒక గ్రంథమునకు ఊరిలో నొక్కటే ప్రతి యుండవచ్చును. కాని దానిని అడిగి తెచ్చుకొని ప్రతి వ్రాసికొనుటకు నిషేధము లేకుండెను. ప్రతులు వ్రాయించుటవలననే చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర మన కావ్యములను పెక్కింటిని నిలుపగలిగెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తింపగలిగెను. ఆటల విషయమున ప్రతి తీయుట క్షణకాలపు పని; అయినను చట్టము దానిని అడ్డగించుచున్నది. వస్తువులు కొరతపడుటవలన ధర పెరుగుట ప్రకృతి. ప్రతులు కొరతపడకుండ చేయగలిగియు చేయకపోవుట మనుష్యుని తప్పు. పైగా వేలమున పలికిన లక్షలలో ఆటను సృజించినవానికి ఒక్క కాసైన చేరదు.

దొంగప్రతులను మేము సమర్థింపము. తయారుచేసినవారి కష్టమునకు ప్రతిఫల మీయవలెను. కాని ధర్మమార్గమున పోదలచినవానికి ద్వారము మూసి, గోడ దూకినవానిని మాత్రమే దొంగయని నిందించువాడు తన తప్పును సగమే చెప్పుచున్నాడు. ద్వారము తెరచినప్పుడేమి జరుగునో ఎర్త్‌బౌండ్ చరిత్రయే చూపుచున్నది. 2013లో ఆ యాట వీ-యూ యంత్రమున అల్పమైన ధరకు లభించినది; ఆ విక్రయశాల మూతపడకమునుపే, 2022లో, స్విచ్ యంత్రపు చందాదారులకును అందినది. అయినను పాత కార్ట్రిడ్జి ధర వందలలోనే నిలిచినది. దీనివలన తెలియవచ్చునదేమి? సంగ్రాహకునకు కావలసినది వస్తువు. ఆటగానికి కావలసినది ఆట. రెండవవానికి ఆట దొరకినంతమాత్రమున మొదటివానికి నష్టము లేదు. వీరిద్దరికిని వైరము పెట్టినది కొరత యొక్కటే. దానిని తీర్చుట ఆటల స్వామ్యము గలవారి చేతిలోనున్నది.

కావున మా నిర్ణయ మిది. ఆటను చేసినవారు దానిని మరల అమ్ముటయో, అమ్మనొల్లనిచో గ్రంథాలయములకు విడిచిపెట్టుటయో చేయవలెను. సంగ్రాహకులు తమ నిధులను ప్రదర్శనశాలలకు, పరిశోధకులకు ఎరువీయవలెను. కొన్నింటినైన విప్పి ఆడవలెను, ఆడనీయవలెను. ఇక గృహస్థులు తమ మనస్సును తామే ప్రశ్నించుకొనవలెను: నేను వెదకునది ఆ డబ్బానా, లేక ఆ డబ్బా చుట్టును కూర్చుండిన అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రనా? రెండవదే యైనచో ఆ సుఖము ఏ వేలమునను దొరకదు. అన్నదమ్ములకు ఒక యుత్తరము వ్రాసిన కొంత దొరకవచ్చును. నేటి పిల్లల ప్రక్కను కూర్చుండి, వారికి నచ్చిన యాటనే ఒక గంట యాడిన మరికొంత దొరకవచ్చును. పాత డబ్బా ఇంట నున్నచో దానిని అద్దాల బీరువానుండి తీసి వారి చేతికీయుడు. మూల నలిగిన నలుగనిండు. నలుగుటకే అది పుట్టినది.