పొరుగువాని ద్రాక్షతోట



కంసాలి పని చేసికొని జీవించు ఒక విశ్వాసి ఇటీవల ఒక ప్రశ్నతో నా యొద్దకు వచ్చెను. ఒక కుటుంబమువారు తమ కుమారుని వివాహమునకు ఉంగరము చేయింపగోరి, పట్టణములోని ఒక దుకాణమందు చూచిన ఉంగరమును సెల్‌ఫోనులో ఫొటో తీసికొని అతనికి చూపించిరి. రెండు ఒలీవ కొమ్మలు పెనవేసికొని, అవి కలిసిన చోట చిన్న తెల్లరాయి పొదిగియున్న ఉంగరమది. "అక్కడ మజూరీ ఎక్కువ. అచ్చముగా ఇట్లే చేసి పెట్టు" అనిరి. అటువంటి పని అతడు మునుపెన్నడు చూచియుండలేదు. "అయ్యగారూ, బంగారము వారిది, కుంపటి నాది, చేతులు నావి. తూకములో మోసము లేదు. నేను దొంగిలించినదేమి?" అని అడిగెను.

ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. ఒకని ఎద్దును దొంగిలించినయెడల వాని కొట్టము ఖాళీ యగును. ఉంగరపు రూపమును ఎత్తుకొనినయెడల ఆ ఉంగరము దుకాణములోనే యుండును. అయితే పోయినదేమి? ఆ కొమ్మలు ఉంగరపు వంపులో ఇముడునట్లు గీసి, చెరిపి, మైనముతో చేసి చూచి, పోత పోసి, నచ్చక మరల మూసలో కరిగించిన దినములున్నవి. ఆ దినముల కూలిని చేసినవాడు మజూరీలో కొంచెము కొంచెముగా రాబట్టుకొనుచున్నాడు. మనము చవుకగా చేయగలుగుట మన నేర్పువలన మాత్రమే కాదు. ఆ దినముల కష్టము మరియొకడు పడియున్నాడు గనుక చేయగలుగుచున్నాము. కాబట్టి తగ్గిన మజూరీలో వాని కూలి కొంత కలిసియున్నది.

అట్లని చూచి చేయుట అంతయు పాపమని నేను చెప్పను. చూచి చేయక పని నేర్చినవాడెవడు? సాదా ఉంగరము, వంకీ ఉంగరము ఎవని సొత్తును కావు. కరీంనగరు వెండి తీగపనికి భౌగోళిక గుర్తింపు దొరికినది ఒక మనుష్యుని పేర కాదు, ఆ స్థలము పేరనే. గుడారపు పని చేసిన బెసలేలును, అహోలీయాబును జ్ఞాపకము చేసికొనుడి. దేవుడు వారికి చేతిపనియందు నేర్పు నిచ్చుటయే గాక ఇతరులకు నేర్పు మనస్సు కూడ ఇచ్చెనని నిర్గమకాండము 35వ అధ్యాయమందు చదువుచున్నాము. పనితనము పంచుకొనుటకే ఇయ్యబడినది. అయితే బెసలేలు తానై నేర్పెను. అతని గుడారములో దూరి ఎవడును ఎత్తుకొనిపోలేదు.

మన దేశపు శాసనము కూడ ఇట్టి భేదమునే చూపుచున్నది. 2000వ సంవత్సరపు డిజైనుల చట్టము ప్రకారము, క్రొత్తదైన రూపమును నమోదు చేయించినవానికి 10 సంవత్సరములు, పొడిగించుకొనినయెడల మరి 5 సంవత్సరములు దానిమీద హక్కుండును. గడువు తీరినపిమ్మట అది అందరిదగును. అయితే గ్రామములోని కంసాలి నమోదు చేయించునా? వాని క్రొత్త నమూనాను పెద్ద దుకాణమువారు చూచి, అచ్చు వేయించి, వందలకొలది అమ్మినయెడల వాని గతి యేమి? ఇది నాబోతు ద్రాక్షతోట వంటిదే. చట్టము పట్టుకొనని చోట మనస్సాక్షి పట్టుకొనవలెను. నగమీద వేసిన 916 అను ముద్ర అది 22 కారట్ల బంగారమని చెప్పును గాని, ఆ రూపము ఎవరి కష్టమో చెప్పదు.

మరి హద్దు ఎక్కడ? ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో రైతుకు సులభముగా బోధపడు ఒక కట్టడ యున్నది. పొరుగువాని ద్రాక్షతోటలో నడచువాడు ఆకలి తీర తినవచ్చునట, గంపకెత్తుకొని పోరాదట. పైరులో చేతితో నాలుగు వెన్నులు త్రుంచుకొనవచ్చునట, కొడవలి వేయరాదట. కంసాలి కన్ను కూడ అట్లే పొరుగువాని పనిలో తిని బలము పొందవచ్చును. కొమ్మను ఎట్లు వంచెనో, రాతిని ఎట్లు పొదిగెనో చూచి నేర్చుకొని, తన చేతితో తనదైన ఉంగరము చేయవచ్చును. ఉంగరమునే యథాతథముగా తీసి తన సరుకుగా అమ్ముట కొడవలి వేయుటయే.

కూలి మాత్రమే గాక పేరు కూడ దొంగిలబడుట కలదు. జర్మనీలో 1471లో పుట్టిన ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అను చిత్రకారుడు కంసాలి కుమారుడు. తండ్రి యొద్దనే మొదట పని నేర్చెను. ఇటలీలో మార్కాంటోనియో రైమొండి అనువాడు డ్యూరర్ చెక్కిన చిత్రములను, అతని సంతకపు గుర్తుతో సహా, అనుకరించి అమ్మెను. డ్యూరర్ వెనిసు నగరమునకు పోయి ఫిర్యాదు చేయగా, ఆ గుర్తు వాడకుండ మాత్రమే ఆజ్ఞ దొరికెనని వసారి అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. చిత్రములకు కాపుదల దొరకలేదు, పేరుకు దొరికెను.

ఇది వ్రాయుచుండగా నా పాపము నాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నది. నేను సెమినరీనుండి వచ్చిన క్రొత్తలో, ముద్రింపబడిన ఒకరి ప్రసంగమును ఉదాహరణలతో సహా నాదియే అన్నట్లు ఒక కూటములో చెప్పితిని. ఒక వృద్ధురాలు నా చేతులు పట్టుకొని, దేవుడు నీకు గొప్ప వరమిచ్చెను నాయనా, అని కన్నీరు కార్చెను. నేను నోరు మెదపలేదు. ఆ ప్రసంగము సంఘమునకు మేలు కొరకే వ్రాయబడినది. వ్రాసినవాని పేరు చెప్పియుంటే ఎవరికిని నష్టము లేకుండెను, నా మెప్పుకు తప్ప. ఒకరి నోటి మాటలు ఒకరు దొంగిలించు ప్రవక్తలకు తాను విరోధినని దేవుడు యిర్మీయా ద్వారా చెప్పిన సంగతి చదివినప్పుడెల్ల ఆమె చేతులు నాకు జ్ఞాపకమునకు వచ్చును.

"బీదవారు పెద్ద దుకాణపు ధర ఇయ్యలేరు గదా" అని మీరనవచ్చును. నిజమే. బీదవాని పెండ్లికి అందమైన ఉంగరము వద్దనుట నా అభిప్రాయము కాదు. అయితే పొరుగువాని కష్టములోనుండి తీసి చేసిన దయ మన దయ కాదు. అందరి సొత్తైన పాత నమూనాలు ఎన్నో యున్నవి. మజూరీ తగ్గింపగోరిన కంసాలి తన మజూరీ తగ్గించుకొనవచ్చును.

ఫొటో తీసికొని పోవు తండ్రులారా, తల్లులారా, ఈ భారము కంసాలిమీదనే వేయకుడి. కూలిపని చేయువాడు వచ్చిన పనిని కాదనుట ఎంత కష్టమో మీరెరుగుదురు. "ఇట్లే చేయుము" అనక, "ఇది మాకు నచ్చినది, నీ చేతనైనది నీవు చేయుము" అనుడి.

ఆ సహోదరునికి నేను ఒక్క మాట చెప్పితిని: "ఈ ఉంగరము మొదట చేసినవాడు వచ్చి నీ కుంపటి యొద్ద కూర్చున్నయెడల, నీవు ఆ పనిని దాచక చేయగలవా? చేయగలిగినయెడల చేయుము." అతడు చాలసేపు ఊరకుండి, లేచి వెళ్లిపోయెను. ఏమి చేసెనో నేనడుగలేదు. ఆ ప్రశ్న అతనికొక్కనికే కాదు, నాకును, మీకును గలదు. మన చేతులు దాచిన దానిని చూచు ప్రభువు, వెలుగులో పని చేయు ధైర్యమును మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.