దూరం నుంచి దర్శనం: బింబం, ప్రతిబింబం, చెరువు

దర్శనమంటే భక్తుడు చూడడం ఒక్కటే కాదు, ఎదుటివారి చూపు భక్తుడి మీద పడడం కూడా. అనంతపురం కరవు సీమలో, సత్యసాయిబాబా ఆశ్రమమైన ప్రశాంతి నిలయం ఉన్న పుట్టపర్తి నుంచి, ఆయన ప్రవచనాలను వినిపించే రేడియో సాయి ప్రసారాలు 2001 నవంబరు 23న మొదలయ్యాయి. మొదట వరల్డ్‌స్పేస్ ఉపగ్రహాల ద్వారా, తర్వాత ఇంటర్నెట్ ద్వారా అవి దేశదేశాల భక్తులకు అందాయి. అలా అందేది మూలమా, దాని నీడా?

ఇంటర్నెట్‌లో మాటను మోసే గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పుట్టపర్తి నుంచి న్యూయార్క్ 13 వేల కిలోమీటర్ల పైమాటే. అడిగిన మాట వెళ్లి జవాబు రావడానికి సెకనులో ఎనిమిదో వంతైనా పడుతుంది. ఒక్క పేజీ తెరుచుకోవడానికే ఇలాంటి రాకపోకలు ఎన్నో కావాలి. అందుకే మూలానికి ప్రతులు తీసి, చూసేవారికి దగ్గరి సర్వర్లలో నిలవ ఉంచుతారు. ఒకటి చెడితే మరొకటి అందిస్తుంది. 1998లో అమెరికాలో మొదలైన అకమాయ్ ఈ పద్ధతికి బాట వేసిన సంస్థల్లో ఒకటి.

మూలానికీ ప్రతికీ ఉన్న సంబంధాన్ని అద్వైతులు ఏనాడో చర్చించారు. ప్రతిబింబం బింబానికి వేరు కాదన్నది వారిలో వివరణ ప్రస్థానమనే శాఖ మాట. అది వట్టి ఆభాసమన్నది అద్వైతాచార్యులైన సురేశ్వరుల మార్గం. సర్వర్‌లోని ప్రతికి ఈ రెండూ పూర్తిగా పొసగవు. చంద్రుడు కదిలితే నీటిలో నీడ వెంటనే కదులుతుంది. మూలం మారినా నిలవ ప్రతి పాతదిగానే ఉండగలదు. ప్రత్యక్ష ప్రసారం సైతం కొన్ని సెకన్లు వెనకబడే ఉంటుంది.

ఇలాంటి నిలవ ప్రతికి చెరువు పోలికే తగినది. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే ఈ సీమలో, పుట్టపర్తి చెంత బుక్కపట్నం చెరువులాంటివి కురిసిన నీటిని పొలానికి దగ్గరగా నిలుపుతాయి. చెరువు వానను పుట్టించదు. పూడిక తీయకపోతే చెరువు పనికిరాదు. ప్రతికి కూడా గడువు పెట్టి, అది తీరగానే మూలం నుంచి కొత్తది తెచ్చుకోవాలి. ఒక్క తేడా ఉంది: నీరు పంచితే తరుగుతుంది, మాట తరగదు.

కాబట్టి ప్రవచనం దూరాన ఉన్నవారికీ నిండుగా చేరుతుంది. సన్నిధి చేరదు, ఎందుకంటే ప్రతి తిరిగి చూడదు. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా నిర్యాణం చెందాక, ప్రశాంతి నిలయంలో కూర్చున్నవారికి కూడా ఆ గొంతు ప్రతిగానే వినిపిస్తోంది. వినికిడిలో దగ్గరివారు, దూరపువారు సమానమయ్యారు. ఇక అందించేవారి ధర్మం రెండు మాటలు: మూలానికి ఏదీ కలపకూడదు, దాని నుంచి ఏదీ తీయకూడదు; చివరి ఆయకట్టు రైతుకు నీరందినట్టు, బలహీనమైన సిగ్నల్ ఉన్న ఆఖరి ఫోనుకూ మాట అందాలి.