వెనుక సైటు

బెన్యామీను గోత్రములో ఎడమచేతి వాటముగల 700 మంది ఉండిరనియు, వారు వడిసెలతో తలవెండ్రుకకైనను గురి తప్పక రాయి వేయగలవారనియు న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయము 16వ వచనములో చదువుచున్నాము. అచ్చట ‘తప్పుట’కు వాడబడిన హెబ్రీ క్రియయే ఇతర స్థలములలో ‘పాపము చేయుట’ అను అర్థము నిచ్చును. ప్రియులారా, ఈ నెల గురిని గూర్చి కొంచెము ధ్యానించుదము.

మేము ఇంగ్లండులో ఉన్న దినములలో, తుపాకులు బాగుచేయు ఒక వృద్ధుని దుకాణములో కూర్చుంటిమి. ఒక పెద్దమనిషి తన తండ్రినాటి రైఫిలు తెచ్చెను. అది బర్మింగ్‌హాములో బి.ఎస్.ఎ. కంపెనీవారు మార్టిని పద్ధతిని చేసిన ·22 పందెపు రైఫిలు. దాని వెనుక సైటు ఎప్పుడో దెబ్బతిని వంగినది. మరియొకటి అమర్చుమని ఆయన కోరెను.

వెనుక సైటు అనగా కంటికి దగ్గరగా నుండు చిన్న రంధ్రముగల బిళ్ల. ఆ రంధ్రములోనుండి గొట్టము చివరనున్న ముందు సైటును, దానిలోనుండి గురిపలకమీది నల్లని చుక్కను చూడవలెను. మనము వెనుక సైటును చూడము, దానిగుండా చూతుము. కావున అది వంగినను మనకు తెలియదు.

ఆ వృద్ధుడు మొదట మీట క్రిందికి దించి, లోపల తూటా లేదని కన్నుతోను వ్రేలితోను నిశ్చయపరచుకొనెను. పాత సైటు తీసి, అదే మాదిరి సైటును వెదకి తెచ్చి, దాని పాదము పాత రంధ్రములకు సరిపోవునో లేదో చూచెను. “సైటుకొరకు తుపాకికి క్రొత్త రంధ్రములు తొలువరాదు, తుపాకికి తగిన సైటునే వెదకవలెను” అనెను. గాడికి సరియైన స్క్రూడ్రైవరుతో మరలు బిగించి, ప్రక్కకు జరుపు కొలతను నడిమికి తెచ్చెను.

తరువాత 25 గజముల దూరమున, రైఫిలును సంచిమీద ఆనించి అయిదు గుండ్లు కాల్చెను. అయిదును ఒకేచోట, అయితే చుక్కకు ప్రక్కగా పడినయెడల సైటును జరుపవలెను. గుండు ఎటు పోవలెనో అటే వెనుక సైటును జరుపవలెను. చెదరి పడినయెడల సైటును ముట్టరాదు. మరలు వదులైనవేమో, ఊపిరి నిలువలేదేమో, వ్రేలు అదిరెనేమో చూడవలెను. రెండు సైటుల నడుమ దూరము 30 అంగుళములైతే, 100 గజములు 3600 అంగుళములు గనుక, సైటులోని తప్పు గురియొద్ద 120 రెట్లగును. అంగుళములో నూరవ వంతు వంకర అచ్చట అంగుళమునకు మించిపోవును.

సైటు సరిపడిన పిమ్మట యజమానుడు కాల్చెను. గుండ్లన్నియు ఎడమకు పోయెను! క్రొత్త సైటు చెడ్డదని ఆయన కోపించెను. వృద్ధుడు మారుపలుకక తాను పండుకొని అయిదు కాల్చెను. అయిదును నల్లని చుక్కలో పడెను. అప్పుడు మెల్లగా చెప్పెను: “అయ్యా, పాత సైటు కుడికి కొట్టుచుండగా మీరు ఎడమకు గురిపెట్టుట అలవాటు చేసికొంటిరి. ఇప్పుడు సైటు చక్కబడినది, మీరింకను చక్కబడలేదు.”

ఆ మాట మమ్మును గుచ్చెను. స్వదేశమునకు వచ్చిన పిమ్మట అది మరింత గుచ్చెను. మా సంఘములో రెండు కుటుంబములకు హద్దుగోడ తగవుండెను. ఒక ఇంటివారు ధారాళముగా కానుక ఇచ్చువారు, రెండవవారు బీదలు. ఎన్నిమారులు తీర్పు చెప్పినను మా మాట మొదటివారివైపు కొద్దిగా వంగుచుండెను. కొద్దిగానే! అయితే గురియొద్ద అది ఎంత దూరమైనదో బీదవారికి తెలియును. తుదకు మేము న్యాయముగా మాటలాడిన దినమున, ధనవంతునికి ద్రోహము చేసినట్లు మా మనస్సు కలతపడెను. వంకరకు అలవాటుపడిన కంటికి న్యాయమే అన్యాయమువలె తోచెను.

యెహెజ్కేలు 36వ అధ్యాయము 26వ వచనములో దేవుడు నూతన హృదయమిత్తునని వాగ్దానము చేసెను. ఆయన ఇచ్చునది మనకు తగినదే, ఏలయనగా మనలను చేసినవాడు ఆయనయే. అయితే దానిని పొందినవాడు పాత అలవాటును దినదినము విడువవలెను. ఈ నెలలో మనము చేసిన అయిదు పనులను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. అన్నియు మన బంధువులవైపో, మన లాభమువైపో పడినవా? అయితే మనస్సాక్షిని సరిచేయవలెను. చెదరి పడినవా? అయితే ప్రార్థనలో నిలుకడ లేదు. చక్కగా పోయిన గుండును చూచి కోపపడుచున్నామా? అయితే మరింత జాగ్రత్తపడుదము.

మేము ఆ బీదవారి ఇంటికి వెళ్లి మా తప్పు ఒప్పుకొంటిమి. ఇంటిపెద్ద చాలసేపు పలుకలేదు. పిమ్మట మంచము వాల్చి, “కూర్చోండి, అయ్యగారూ” అనెను. గోడ సంగతి ఇంకను తేలలేదు. అయినను గురి ఎచ్చట నున్నదో ఇప్పుడు మాకు కనబడుచున్నది.

ప్రభువా, మా చూపును చక్కపరచుము. చక్కని చూపునకు మమ్మును అలవాటు చేయుము. ఆమేన్.