పాటలో పేరు

మొన్న సెలవులకి మా మనవరాలు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ సెల్‌ఫోను గోడకి ఆనించి పెట్టడం, దాని ముందు గంతులు వెయ్యడం. పాట 'నాది నక్కిలీసు గొలుసు'. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమాలోది. కరుణకుమార్ తీశారు, రఘు కుంచె సంగీతం, పాడిందీ ఆయనే. నెక్లెస్ అనే ఇంగ్లీషు మాట మన పల్లెల్లో నోట నాని నాని నక్కిలీసు అయిందే అని చెబితే పిల్ల పడీ పడీ నవ్వింది.

"ఇంతకీ ఎవరు రాశారమ్మమ్మా?"

"ఉత్తరాంధ్ర జానపదం."

"అంటే ఎవరూ రాయలేదా?"

ఎవరూ కట్టకుండా పాట ఎలా పుడుతుందే అనబోయి ఊరుకున్నాను. ఈ విషయంలో ఇంకొకరికి చెప్పే మొహం నాకు లేదు. ఎందుకో మీతో చెప్పేస్తాను.

1982 ప్రాంతం. మావారి ఉద్యోగం పలాసలో. కాశీబుగ్గలో రెండు గదుల వాటా, చంటిపిల్ల. మాది గోదావరి వైపు కావడంతో అక్కడి యాస నాకు కొత్త. ఉద్దానం నుంచి ఒకామె వచ్చి, పగలు జీడిపిక్కల బట్టీలో పిక్క కొట్టేది, సాయంత్రం మా ఇంట్లో నాలుగు పనులు చేసిపెట్టేది. పిక్కలోని జీడి తగిలి ఆమె వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉండేవి. బూడిద రాసుకుని కొట్టినా ఆ నలుపు వదలదు. మనం పాయసంలో తెల్లటి పప్పు వేసుకుంటామే, దాని వెనక ఉన్న చేతులవి.

ఆమె కారం దంచుతూ ఒక పాట పాడేది. నన్ను కట్టిపడేసింది దాని రాగం కాదు, సంగతి. అత్తగారిని పొగిడే పాట! మన తెలుగుదేశంలో అలాంటి పాట ఉందంటే మీరు నమ్మరు, నేనూ నమ్మలేదు. జీడితోటకి పిక్కలేరడానికి వెళ్ళిన కోడలికి చీకటి పడిపోతుంది. సముద్రపు గాలి, ఇసుక దిబ్బలు, దారి తెలియదు. దిబ్బ మీద అత్త లాంతరు పట్టుకుని నిలబడి పిలుస్తూ ఉంటుంది. అంతే పాట. ప్రతి చరణం చివరా ఆ అత్త పేరు వస్తుంది.

"అత్తగారి పేరు పెట్టి పాడతావా?" అన్నాను నోరు నొక్కుకుని.

"పాటలో అయితే తప్పు నేదమ్మా" అంది. వాళ్ళ అత్త తన అత్త పేరు పెట్టి పాడేదట. ఆవిడా అంతేనట. ఏ కోడలికి ఆ కోడలు తన అత్త పేరు పెట్టుకోవాలి. అలా ఎన్ని పేర్లు వచ్చి పోయాయో ఆ పాటలోకి! ఈమె అత్త అప్పటికి ఏడాది కిందటే పోయింది.

ఆ సంక్రాంతికి టెక్కలిలో మహిళలకి పాటల పోటీ పెట్టారు. పిల్లని చూసుకోవడానికి ఆమెను వెంటబెట్టుకుని బస్సులో వెళ్ళాను. ఆ పాటే పాడాను. యాస మాటలు మార్చి, కాస్త నాజూకు చేసి పాడాను. పేరు వచ్చే చోట మట్టుకు 'అత్తమ్మా' అని సరిపెట్టాను. మొదటి బహుమతి, వెండి కుంకుమభరిణె వచ్చింది. ఎక్కడ నేర్చుకున్నారండీ అని నిర్వాహకురాలు అడిగితే, "మా వైపు పల్లెల్లో పాడుకుంటారండీ" అనేశాను. ఆమె హాల్లో వెనక వరసలో, మా పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చునే ఉంది.

తిరుగు బస్సులో చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అంది: "బాగా పాడినారమ్మా. పేరెట్టనేదేటి? మీ అత్తగోరు మీకు లాంతరు సూపనేదా?"

ఎత్తిపొడుపు అనుకునేరు. కాదు, నిజంగానే అడిగింది. బహుమతి సంగతి ఎత్తలేదు, తన పేరు చెప్పలేదని అడగలేదు. నాకేమో ఒళ్ళు చచ్చిపోయింది. ఆ రోజుల్లో మా అత్తగారికీ నాకూ మాటల్లేవు. ఆవిడ పేరు ఆ చోట పెడితే గొంతు పెగలదని నాకు తెలుసు. అందుకే 'అత్తమ్మా' అని తప్పించుకున్నాను.

ఒకరి పాటను మరొకరు తమ గొంతుతో పాడితే దాన్ని 'కవర్' అంటారని ఈమధ్య మా అల్లుడు చెప్పాడు. కవరంటే నాకు పోస్టు కవరే తెలుసు! ఆయనకి అమెరికా పల్లె బాణీ పాటలంటే ఇష్టం, కంట్రీ అంటారే, అవి. జానీ క్యాష్ అని పెద్ద గాయకుడు, డెబ్భయ్యో ఏట, 2002లో ఒక ఆల్బమ్ చేశాడు. అందులో ఎక్కువ భాగం ఇతరుల పాటలు. 'హర్ట్' అనేది వాటిలో ఒకటి. ట్రెంట్ రెజ్నర్ అనే కుర్రకారు రాక్ గాయకుడు తన బాధలో కట్టుకున్న పాట అది. ముసలాయన దాన్ని దాదాపు ఉన్నది ఉన్నట్టే పాడాడు. ఒక్క బూతు మాట తీసేసి, క్రీస్తు తల మీది ముళ్ళను తలపించే మాట పెట్టాడు. ముందు అదోలా అనిపించినా, దృశ్యంతో సహా చూశాక ఇక అది తన పాట కాదని రెజ్నరే అన్నాడట. మరుసటి ఏడు మేలో క్యాష్ భార్య జూన్ కార్టర్, సెప్టెంబరులో ఆయనా పోయారు.

అల్లుడు వినిపించాడు. ఇంగ్లీషు పాట నాకేం అర్థమవుతుంది లెండి. కాని ఆ వణికే గొంతు వింటుంటే టెక్కలి బస్సు గుర్తొచ్చింది. ఆయనా మాట మార్చాడు, నేనూ మార్చాను. ఆయన తీసిన చోట తన నమ్మకాన్ని పెట్టాడు. నేను తీసిన చోట ఏమీ పెట్టలేదు.

పాట మీద హక్కంటే ఇంకోలా ఆలోచించేవాళ్ళూ ఉన్నారు. డాలీ పార్టన్ అనే కంట్రీ గాయని 1974లో విడుదల చేసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'ను ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు. అంతటివాడు పాడతానంటే ఎవరు కాదంటారు? కాని పాట హక్కుల్లో సగం రాసివ్వాలని అతని మేనేజరు పేచీ పెట్టాడు. ఆవిడ ఇవ్వనంది. రాత్రంతా ఏడ్చినా ఇవ్వనే లేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడాక ఆ పట్టుదల విలువ తెలిసింది. మెచ్చుకోవలసిన ఆడది! కాని రాసిచ్చే కాగితాలూ, సంతకాలూ లేని మా కారం దంచే ఆమె సగమేమిటి, మొత్తం ఇచ్చేసింది. ఇచ్చానని కూడా అనుకోలేదు.

పేరున్నవాళ్ళకే దిక్కు లేదంటే చూడండి. పార్వతీపురం వైపు వంగపండు ప్రసాదరావుగారు (1943-2020) కట్టిన 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' పాట 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాలోకి కూడా ఎక్కింది. పెళ్ళి ఊరేగింపులో దానికి చిందులేసే వాళ్ళని ఎవరిదయ్యా అంటే, "జానపదం" అంటారు. ఆ మాట కవికి గౌరవమో, అన్యాయమో నాకు ఇప్పటికీ తేలలేదు. జనం తమదనుకుంటే కవి సంతోషించవచ్చు. మనం మాత్రం అడక్కుండానే తమదనుకోవడానికి దాన్ని సాకు చేసుకుంటున్నామేమో.

నా సంగతికి వస్తాను. నేను చేసింది దొంగతనం అని చాలాకాలం అనుకున్నాను. పాట పాడటం తప్పు కాదని ఇప్పుడు తోస్తోంది. ఆమె కూడా ఎవరి దగ్గరో తీసుకున్నదే. 'మా వైపు' అని అబద్ధమాడటం మాత్రం తప్పే, దానికి నేనేమీ సర్ది చెప్పుకోను. అంతకంటె గుచ్చుకునేది ఆ ఖాళీ. అది మీ అత్త పేరు పెట్టుకోమని తరతరాలుగా అట్టే పెట్టి ఉంచిన చోటు. నేను దాన్ని పూడ్చేశాను. తరువాత మా అత్తగారు నా కాన్పుకి వచ్చి మూడు నెలలు రాత్రిళ్ళు దీపం దగ్గర కూర్చున్నారు. ఆ తరువాతైనా ఆ పాట పాడి ఆవిడకి వినిపించానా? లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు, టీవీలో పడిపోయిన కొబ్బరిచెట్లూ జీడితోటలూ చూస్తూ ఆమె కోసం వాకబు చెయ్యాలనిపించింది. ఎలా చెయ్యను? ఆమె పేరున్న వాళ్ళు ఆ పల్లెల్లో వీధికి పదిమంది. ఇంటిపేరు నేనెన్నడూ అడగలేదు.

నిన్న రాత్రి మనవరాలు నా పక్కలో చేరి, "నీకేమైనా అలాంటి పాట వచ్చా అమ్మమ్మా?" అంది. వచ్చన్నాను. ఈసారి మాటలు మార్చలేదు, యాసతోనే ఎత్తుకున్నాను. ముందు ఆమె అత్త పేరుతో పాడి, తరువాత మా అత్తగారి పేరు పెట్టి పాడదామని. తోట అయింది, చీకటి అయింది, దిబ్బ మీద లాంతరు వచ్చింది. చరణం చివర ఆగిపోయాను. ఎంతకీ రాదు. కూనిరాగం తీసి సర్దబోయాను.

"మాట మర్చిపోయావా అమ్మమ్మా?"

"మాట కాదే, పేరు" అన్నాను.