కన్ను మందగించినప్పుడు కాపరి ఎవరు?



వృద్ధాప్యములో చూపు తగ్గుట దోషమా? పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపఫలమని శిష్యులు అడిగిరి. ప్రభువు ఆ లెక్కను అంగీకరింపలేదు. అయినను మోషే 120 ఏండ్ల వయస్సులోను చూపు తగ్గనివాడని చెప్పి, చూపు తగ్గినవారి విశ్వాసమును కొలుచువారు మనలో కలరు. ఇస్సాకు, యాకోబు, ప్రవక్తయైన అహీయా, వీరి కన్నులును వయస్సుచేతనే మందమాయెను గదా!

కంటి వెనుక పొరయైన రెటీనాలో వెలుగును పట్టు కణములు పోయినచో మరల పుట్టవు. పసితనమందున్నవే ముసలితనము వరకు పనిచేయవలెను. వెలుగు, ప్రాణవాయువు వాటిలోని ప్రోటీనులను అనుదినము దెబ్బతీయుచుండును. అందుచేత ఆ కణములలో కాపరి ప్రోటీనులు ఉన్నవి. ఇవి చూచు పని చేయవు. మడత చెడిన ప్రోటీనులను పట్టుకొని ముద్దకట్టకుండ ఆపును, వీలైనవాటిని సరిచేయును, బాగుపడనివాటిని తొలగింపునకు అప్పగించును. ఆల్ఫా క్రిస్టలిన్ వీటిలో ఒకటి. వయస్సు పెరిగినకొలది, ఆపద వేళ ఇట్టి కాపరులను పుట్టించు శక్తి తగ్గును. చెత్తను తొలగించు పనియు మందగించును. లిపోఫ్యూసిన్ అను మడ్డి రెటీనాను పోషించు కణములలో పేరుకొనును. కొందరికి చూపు నడిమి భాగమే చెడి, అక్షరములును ముఖములును కనబడవు.

పొగత్రాగుట ఈ ప్రమాదమును పెంచును గనుక మానవలెను. అయినను ఎన్నడును త్రాగనివారికిని ఇది వచ్చుచున్నది. దీనిని శుక్లమని తలంచి, తరువాత చూపింతములే అని ఊరకుండరాదు. తిన్నని గీతలు వంకరగా కనబడినచో వెంటనే కంటి వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ఒక రకమునకు కంటిలో వేయు సూదిమందు ఉన్నది. ఆలస్యమైనచో దాని ప్రయోజనము తగ్గును.

లోపలి కాపరి అలసినప్పుడు బయటి కాపరి ఎవరు? ఇస్సాకు చూపులేమిని వాడుకొన్నది అతని ఇంటివారే. కనబడని పెద్దలచేత కాగితములపై వేలిముద్ర వేయించుకొను ఇండ్లు నేడును కలవు. గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయరాదని లేవీయకాండము ఆజ్ఞాపించుచున్నది. అడ్డము వేయకుండుటతోనే మన బాధ్యత తీరునా?

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనకు మరియొక చిక్కు కలదు. అవ్వకు తెలుగు వచ్చును, చూపు లేదు. మనుమరాలికి చూపున్నది, తెలుగు అక్షరములు రావు. బడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో నేర్చినది. ఇద్దరి మధ్యను బైబిలు మూతబడి యున్నది. ఫోనులో వాక్యము వినవచ్చును, అదియు మేలే. గాని ఫోను అవ్వ చేయి పట్టుకొనదు, ఆగి అర్థమడుగదు.

కాబట్టి పిల్లలకు ఆదివారపు బడిలో అక్షరములు నేర్పి, వారమునకు ఒకనాడైనను పెద్దల ప్రక్కన కూర్చుండి చదువ నియమింతము. బిడ్డ తడబడినచోట అవ్వ కంఠస్థమైన మాటను అందించును. అప్పుడు ఎవరికెవరు కాపరియో చెప్పుట కష్టమే.

ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక.